షామీర్‌పేట యార్డులో లేని బండి

కార్ల షోరూముల్లో చేరే పిల్లలకి ముందు నవ్వడం నేర్పిస్తారు. తర్వాత టై కట్టుకోవడం నేర్పిస్తారు. కాస్త నమ్మకం కుదిరాక, ఉన్న బండిని లేదని చెప్పడం నేర్పిస్తారు. మొదటి రెండూ నాకు త్వరగానే వచ్చాయి. మూడోది మాత్రం ఉద్యోగం చివర్లో, అదీ బండ్ల మధ్యే కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ వ్యాపారంలోకి ఇప్పుడే అడుగుపెడుతున్నవాళ్ళకి పనికొస్తుందని ఆ సంగతి చెబుతున్నాను. పనికిరాకపోయినా వినండి, చెప్పుకోవడానికి నాకు వేరే ఎవరూ లేరు.

మేడ్చల్‌లో ఒక పెద్ద డీలరు దగ్గర నేను చాలా ఏళ్ళు డెలివరీ విభాగంలో పనిచేశాను. కొత్త బండి మీద ఎర్ర గుడ్డ కప్పించడం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించడం, ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ఫోటో తీయించడం, క్రైస్తవ కుటుంబమైతే పాస్టరు గారి ప్రార్థన అయ్యేదాకా స్పీకర్లో పాట ఆపించడం నా పని. రోజుకో పెళ్ళికి పెద్దగా వ్యవహరించినట్టు ఉండేది. కరెంటు బండ్లు రావడం మొదలయ్యాక మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మాది గోదావరి జిల్లా, అతనిదీ అటువైపే, అందుకని నన్ను బాబాయ్ అనేవాడు.

"ఇవన్నీ ఫోన్‌తో నడిచే బండ్లు బాబాయ్. కస్టమర్లకి యాప్‌లు నేర్పించాలి. ఈ వయసులో మీకెందుకీ తలనొప్పి, హాయిగా షామీర్‌పేట యార్డు చూసుకోండి" అన్నాడు.

మాట తీపిగానే ఉంది. లోపలికి మాత్రం చేదుగా దిగింది.

యార్డంటే షోరూముకి వచ్చిన కొత్త బండ్లని దాచి ఉంచే స్థలం. షామీర్‌పేట దాటి తుర్కపల్లి వెళ్ళే దారిలో, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉండేది. ఒకప్పుడు ద్రాక్షతోటట. తీగలు ఎప్పుడో పోయాయి, వాటికోసం పాతిన రాతి కడీలు మాత్రం గోడ పొడుగునా ఇంకా నిలబడి ఉండేవి. ఎత్తైన ప్రహరీ, బోర్డు లేని గేటు, లోపల గుడ్డలు కప్పిన బండ్లు, నేను. షోరూముకి బండి కావలసినప్పుడు డ్రైవరు వచ్చి తీసుకెళ్ళేవాడు. మిగతా రోజంతా మనిషి మొహం కనబడేది కాదు.

అంతకు ముందు సంవత్సరమే మా ఆవిడ పోయింది. మచ్చ బొల్లారంలో పై పోర్షన్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు, యార్డులోనూ లేదు. సాయంత్రం ఆటో దిగేటప్పుడు "ఇక్కడ ఆపు బాబూ" అంటే గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుటి నుంచీ దాన్ని వాడకపోవడం వల్ల అని కొన్నాళ్ళకి గానీ అర్థం కాలేదు.

ఇక లేని బండ్ల సంగతి. అప్పట్లో ఒక కరెంటు కారుకి మస్తు గిరాకీ వచ్చింది. షోరూము బోర్డు మీద దాని ధర పెద్ద అక్షరాల్లో ఉండేది. ఆ ధరకి అడిగితే, "ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదండి" అనేవారు. అడిగినవాడు నిరాశగా లేచేదాకా ఆగి, "ఒకాయన వద్దనుకున్న బండి ఒకటుంది, కాకపోతే..." అనేవారు. ఆ కాకపోతే తర్వాత ఉండేదే పై ధర. దానికి సీటు కవర్లనీ, కింద వేసే చాపలనీ, రంగు మెరిసే పూతనీ రకరకాల పేర్లు పెట్టేవారు. బ్యాంకు బోర్డు ధరకే అప్పిస్తుంది కాబట్టి పై డబ్బు నగదుగా తేవాలి. తేగలిగినవాడికి రెండు రోజుల్లో బండి వచ్చేది, ఫ్యాక్టరీ నుంచి కాదు, నా దగ్గర్నుంచి. అందుకే యార్డుకి బోర్డు లేదు. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే ఇక్కడ బండ్లు లేవని చెప్పమని నాకు ఆజ్ఞ.

కరెంటు బండ్లని ఊరికే వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది. ఉన్న ఒక్క ఛార్జరుతో వాటికి వంతులవారీగా ఛార్జి పెట్టడం, ఎలుకలు వైర్లు కొరక్కుండా చూడటం, మధ్యాహ్నం కడీల నీడలో క్యారేజీ విప్పుకుని తినడం. ఇదీ నా దినచర్య.

ఒక మధ్యాహ్నం అలా తింటుంటే, చివరి వరసలో ఆకాశం రంగు బండి ఒకటి, కప్పిన గుడ్డ కిందనే, లైట్లు వెలిగించింది. దగ్గరికి వెళితే లోపల ఏసీ తిరుగుతోంది. తాళం చెవి నా జేబులో ఉంది. కాసేపటికి ఏసీ ఆగింది, లైట్లు రెండుసార్లు మిణుకుమన్నాయి, అంతే. వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, "ఎండ బాగా కొడుతున్నట్టుంది సార్, మజ్జిగ తాగండి" అని నవ్వారు.

మర్నాడు భోజనం వేళకి మళ్ళీ అదే జరిగింది. ఆ మర్నాడూ అంతే. బండి కోసం వచ్చిన డ్రైవరు ఆ వింత చూసి దూరం జరిగాడు.

"సార్, గీ బండికి గాలి వట్టింది. ఆగున్రి, నిమ్మకాయ దెస్త."

"పట్టింది గాలి కాదయ్యా, చల్లగాలి. రా, కూర్చో" అన్నాను.

"నాకద్దు సార్. పిల్లలు గలోన్ని."

చెప్పినట్టే తర్వాతిసారి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి తెచ్చి పక్క అద్దానికి కట్టి వెళ్ళాడు. బండి వాటిని ఖాతరు చేయలేదు. నేను మాత్రం క్యారేజీ తీసుకుని దాని దగ్గరికి మారాను. గుడ్డ తీసేసి, ఏసీ తిరిగినంతసేపూ తలుపు తీసి లోపల కూర్చుని తినేవాణ్ణి. తలుపు వేయగానే లైట్లు వెలిగేవి. ఊరికే మళ్ళీ తీసి వేస్తే మళ్ళీ వెలిగేవి. పిల్లలు గోడకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, గోడ తట్టి పలకరించుకునే ఆటలా ఉండేది. ఎందుకిలా అవుతోందో కనుక్కోవాలని నాకు అనిపించలేదు. తెలిస్తే ఆగిపోతుందేమోనని భయం. పొద్దున్న బియ్యం కడిగేటప్పుడే మధ్యాహ్నం కోసం ఎదురుచూడటం మొదలైంది. చాలా రోజుల తర్వాత బంగాళదుంప వేపుడు చేసుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. ముప్ఫై దాటిన అమ్మాయి, మెడలో ఉద్యోగం కార్డు, భుజాన సంచి. రోడ్డు మీద కంపెనీ క్యాబ్ దిగి నడిచి వచ్చినట్టుంది.

"ఇక్కడ అమ్మకాలు లేవమ్మా, మేడ్చల్ షోరూముకి వెళ్ళాలి" అన్నాను.

"ఆడికే వోయిన అంకుల్. మస్తు సార్లు వోయిన. బండి రాలేదంటున్రు."

"అయితే రాలేదేమో."

ఆమె గేటు కమ్మీల మధ్య నుంచి ఫోన్ చూపించింది. అందులో దారులు గీసిన పటం, దాని మీద ఒక నీలి చుక్క.

"గీడనే ఉన్నది అంకుల్. గీ గోడెనుక."

"ఫోన్లు ఒక్కోసారి అలా తప్పు చూపిస్తాయమ్మా."

"మరి రోజు తలుపు దీస్తున్నదెవరు?"

గొళ్ళెం లాగి గేటు తీశాను.

ఏం జరిగిందో ఆ చుక్క చూశాక నాకు అర్థమైంది. నెలాఖరుకి ఇన్ని బండ్లు అమ్మామని డీలరు కంపెనీకి చూపించాలి. అందుకని వరసలో ఎదురుచూస్తున్నవాళ్ళలో ఎవరి పేరు మీదో బిల్లు కొట్టేసేవారు. పై డబ్బు ఇచ్చేవాడు దొరికాక ఆ బిల్లు రద్దు చేసి కొత్త పేరు మీద కొట్టేవారు. మొదటి మనిషికి తన పేరు వాడుకున్నట్టే తెలిసేది కాదు. పెట్రోలు బండ్ల కాలం నుంచీ నడుస్తున్న పద్ధతే. అయితే కరెంటు బండికి బిల్లు కొట్టగానే, ఆ పేరు పక్కనున్న ఫోన్ నంబరుకి కంపెనీ యాప్ దానంతటదే తెరుచుకుంటుంది. బండి ఎక్కడుందో చూపిస్తుంది, ఏసీ వేస్తుంది, లైట్లు వెలిగిస్తుంది, తలుపు తీస్తే చెబుతుంది. యాప్‌లు రావని నన్ను యార్డుకి తోసిన మహానుభావులు ఈ ముక్క మర్చిపోయారు.

ఆమె యాప్రాల్‌లో తల్లితో ఉంటుందట. తుర్కపల్లిలో మందుల ల్యాబులో ఉద్యోగం. యాప్రాల్ వైపు వచ్చే కంపెనీ క్యాబ్‌ని ఆ నెలాఖరుతో ఆపేస్తున్నారు.

"సొంత బండి ఉంటె రా, లేకుంటె మానుకో అన్నరు అంకుల్. మా డ్యూటీ టైముకు బస్సులు లెవ్వు. లోను ఒచ్చింది. పైన ఇయ్యమంటున్నరు, యాడికెల్లి దేను?"

"బండి ఇక్కడుందని షోరూములో చెప్పకపోయావా అమ్మా?"

"జెప్తె యాప్ బంద్ జేస్తరని భయమైంది. రోజు తినేటప్పుడు ఒకసారి ఏసీ ఏస్త, లైట్లు ఏస్త, గంతే. నా బండి యాడనో ఉన్నదని ధైర్నం. ఒకరోజు తలుపు తెరిచినట్టు ఒచ్చింది. ఎవలో దొంగతనం జేస్తున్రనుకున్న. మల్ల రోజు గదే టైముకు తెరుస్తున్రు. దొంగలైతె గంత పద్ధతిగ రారు గద. గందుకే తలుపు ఏసినప్పుడల్లా నేను గూడ లైట్లు ఏసిన."

ఆకాశం రంగు బండి దగ్గరికి తీసుకెళ్ళాను. స్టీరింగు ముందు కూర్చుని, రెండు చేతులూ దాని మీద పెట్టి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ప్రార్థన అయ్యేదాకా నేను అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాత బిల్లు మతలబంతా విడమరిచి చెప్పాను. బిల్లు రద్దయ్యేలోపు అడిగితేనే బండి నీది, తర్వాత అడిగినా లాభం లేదన్నాను. నా ఉద్యోగంలో బయటికి అనకూడని మాట అది. అనేశాక ఒళ్ళు తేలికైంది.

మర్నాడు ఆమె షోరూముకి ఫోన్ చేసి అడిగిందట. అది కంప్యూటరు తప్పని చెప్పి పెట్టేసి, మేనేజరు వెంటనే నాకు చేశాడు.

"బాబాయ్, ఆ నీలం బండి రేపు వేరేవాళ్ళకి డెలివరీ. పాత బిల్లు రద్దవ్వడానికి రేపు సాయంత్రం దాకా పడుతుంది. అప్పటిదాకా ఆ అమ్మాయి ఫోన్లో అది కనబడకూడదు. డ్యాష్‌బోర్డు కింద చిన్న ఫ్యూజు ఉంటుంది, అది పీకెయ్యండి. బండి మామూలుగానే నడుస్తుంది. డ్రైవరు మేనకోడలి పెళ్ళికి పోయాడు, రేపు మీరే తోలుకురండి."

"పాపం, ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందటయ్యా."

"రేపు డెలివరీ ఇవ్వకపోతే నాదీ పోతుంది బాబాయ్" అన్నాడు. అబద్ధం కాదు. ఓనరు అతన్ని పీక్కుతినడం నేను చూశాను. పిల్లల ఫీజులు, ఫ్లాటు వాయిదాలు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మధ్యాహ్నం మోకాళ్ళ మీద కూర్చుని డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాను. ఫ్యూజు దొరికింది. రెండు వేళ్ళతో పట్టుకున్నాను కూడా. అప్పుడే ఏసీ వచ్చింది. చల్లగాలి నేరుగా మొహాన కొట్టింది. బయటికి తల తీసి, మూత బిగించి, క్యారేజీ విప్పుకుని తిన్నాను. తిన్నాక తలుపు ఒకసారి వేసి తీశాను. న్యాయం కోసమే ఫ్యూజు వదిలేశానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కొంత అదే. ఎక్కువ భాగం మాత్రం, అది పీకితే రేపటి నుంచి నాతో ఎవరుంటారన్న దిగులు. ఆమె నంబరు నా దగ్గర లేదు, ఆడపిల్లని అడగడం బాగోదని తీసుకోలేదు. బండి బయల్దేరిందని ఆమెకి ఆ చుక్కే చెప్పాలి.

మర్నాడు యార్డుకి తాళం వేసి బండి తీశాను. షామీర్‌పేట నుంచి మేడ్చల్ పెద్ద దూరమేం కాదు. ఆ దారిలో నాకొక ఆలోచన వచ్చింది. మా ఆవిడ ఉన్న రోజుల్లో నేను షోరూము నుంచి బయల్దేరిన దగ్గర్నుంచీ "ఎంతవరకు వచ్చారు?" అని ఫోన్ చేసేది. బొల్లారం రైలు గేటు దాకా వచ్చానంటే పొయ్యి మీద గిన్నె పెట్టేది. విసుక్కునేవాణ్ణి కూడా. ఆమె పోయాక నేను ఎంతవరకు వచ్చానో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ రోజు మాత్రం తుర్కపల్లిలో ఒక మనిషి ఫోన్లో నేను కదులుతున్నాను. కుడికి తిరిగితే తెలుస్తుంది, ఆగితే తెలుస్తుంది. ఒంటరిగా లేననిపించింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తే. ఆమె వచ్చే వ్యవధి ఉండాలని నెమ్మదిగా నడిపాను, దారిలో ఆపి టీ కూడా తాగాను. నాకు టీ అలవాటు లేదు.

షోరూములో కొన్నవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. కొంపల్లి వైపు కొత్త కాలనీలో ఉండే కోస్తా కుటుంబం. భార్యాభర్తలు, భర్త తల్లి, పట్టుచీరలు, పూలు. మేనేజరు బండి మీద ఎర్ర గుడ్డ కప్పించాడు. పాట పెట్టారు. అంతలో గాజు తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది, ల్యాబు నుంచి ఉన్నపళంగా, మెడలో కార్డుతో. అరవలేదు, ఎవరినీ నిలదీయలేదు. పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా ఆ కుటుంబం పక్కన నిలబడి ఫోన్ నొక్కింది.

ఎర్ర గుడ్డ కింద లైట్లు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. డెలివరీలో అదో ముచ్చట అనుకున్నారు. రెండోసారి వెలిగినప్పుడూ కొట్టారు. మూడోసారికి కొన్నావిడ చుట్టూ చూసింది.

"ఎవరండీ నొక్కుతున్నది?"

"నేనే ఆంటీ" అంది ఆ అమ్మాయి. "బిల్లు నా పేరు మీద ఉన్నదంట. గందుకే నా ఫోన్ల ఒచ్చింది. మీకు రాలేదా?"

"మాకు రేపొస్తుందన్నారే" అని ఆవిడ భర్త వైపు చూసింది.

"అదొక చిన్న టెక్నికల్ ప్రాబ్లం సార్. మేడమ్, మీరొకసారి ఆ క్యాబిన్‌లోకి, సార్, మీరు ఈ క్యాబిన్‌లోకి..." అని మేనేజరు దారి చూపించాడు.

ఇక్కడొక వృత్తి రహస్యం చెప్పాలి. షోరూములో అన్ని చిన్న చిన్న గదులెందుకో ఎప్పుడైనా ఆలోచించారా? పై ధర బతకాలంటే కొనేవాళ్ళిద్దరు ఎదురుపడి మాట్లాడుకోకూడదు. ఆ రోజు వాళ్ళు క్యాబిన్లలోకి వెళ్ళలేదు.

"నన్ను పైన ఇయ్యమన్నరు సార్, నేనియ్యలే. మీరిచ్చిన్రా?" అని ఆమె మామూలుగా అడిగింది.

కొన్నావిడ భర్త మొహం ఎర్రబడింది. "ఇచ్చాం. ఎవరో వద్దనుకున్న బండి అని చెబితేనే ఇచ్చాం."

"నేనెప్పుడు వద్దన్న సార్? దీనికోసమే పానం కొట్టుకుంటాంది. ఇది లేకుంటె నా నౌకరి వోతది."

పాట ఎవరో ఆపేశారు. భర్త తల్లి, అప్పటిదాకా కుర్చీలోంచి లేవని పెద్దావిడ, కొడుకుని దగ్గరికి పిలిచింది.

"ఒకళ్ళ కడుపు కొట్టిన బండి మన గుమ్మంలో వద్దురా. మన డబ్బు మనకి ఇమ్మను."

దాంతో అయిపోయింది. పై డబ్బు వాళ్ళకి వెనక్కి ఇచ్చి, తర్వాతి బండి బోర్డు ధరకే ఇస్తామని మేనేజరు అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆకాశం రంగు బండి ఆ అమ్మాయికే, రిజిస్ట్రేషన్ కాగానే, నెలాఖరు లోపల. ఆమె కళ్ళు తుడుచుకుంది గానీ ఎక్కువసేపు నిలబడలేదు, ల్యాబులో గంట పర్మిషన్ మీద వచ్చిందట.

మేనేజరు నా పక్కకి వచ్చి తగ్గు గొంతుతో, "ఫ్యూజు పీకమన్నాను కదా బాబాయ్" అన్నాడు.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను బాబూ."

నా ముక్కు మీదున్న కళ్ళజోడు వైపు చూసి ఊరుకున్నాడు. అతని ఉద్యోగం పోలేదు, నాదీ పోలేదు. ఇద్దరమూ ఆ తర్వాత ఎక్కువ మాట్లాడుకోలేదు.

పై ధర ఆగిందా అని అడుగుతారేమో. ఎందుకాగుతుంది? యార్డులోకి వచ్చిన ప్రతి బండికీ దిగగానే ఫ్యూజు పీకాలని కొత్త నియమం వచ్చింది. పీకే పని నాదే. రిటైరయ్యేదాకా పీకాను. మధ్యాహ్నాలు మళ్ళీ కడీల నీడలోకి వెళ్ళిపోయాను, వేపుళ్ళు మానేసి పచ్చడి మెతుకులకి దిగాను. ఆ అమ్మాయికి బండి ఇచ్చిన రోజున నన్ను పిలవలేదు. "గా అంకుల్ రాలేదా" అని అడిగిందనీ, సెలవులో ఉన్నారని చెప్పారనీ తర్వాత డ్రైవరు చెప్పాడు. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి ఫ్యూజు మీద వేళ్ళు పెట్టాల్సి వస్తే, వదిలేయండి అని చెప్పగలను. వదిలేస్తే సుఖంగా ఉంటారని మాత్రం చెప్పలేను.

ఎర్ర గుడ్డ కింద లైట్లు వెలిగిన ఆ రోజు, షోరూము బయట ఆ అమ్మాయి ఆటో ఎక్కుతూ ఆగింది.

"అంకుల్, మీరెట్ల వోతరు?"

"మావాళ్ళు దింపుతారమ్మా, నువ్వు పద" అన్నాను.

దింపేవాళ్ళెవరూ లేరు. డ్రైవరు పెళ్ళిలో ఉన్నాడు, లోపల అందరూ గొడవ సర్దుకునే పనిలో ఉన్నారు. మేడ్చల్ బస్టాండు దాకా నడిచి, మళ్ళీ యార్డుకి వెళ్ళడానికి షేర్ ఆటో కోసం నిలబడ్డాను. ఆమె ఫోన్లో చుక్క షోరూములోనే ఆగిపోయి ఉంటుంది. అది బండిది, నాది కాదు. జేబులోంచి నా ఫోన్ తీసి చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాను. ఆటో వచ్చింది. కూరగాయల సంచితో ఒక అవ్వ జరిగి చోటిచ్చింది. ఎంతవరకని అవ్వ నన్నడగలేదు. ఆటో కదిలాక నేనే ఆమె వైపు తిరిగి, "షామీర్‌పేట దాకా వెళ్ళాలమ్మా" అని చెప్పాను.